సాక్ష్యం చెప్పలేని సహోదరుడు

ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఎంబీ చర్చి అంటే తెలియనివారు అరుదు. ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రదరెన్. బ్రదరెన్ అంటే సహోదరులు. అలాంటి సంఘంలో మాటలు రాని, లెక్క తెలియని మనిషి ఒకడు పుడితే, అతణ్ణి ఎంతవరకు సహోదరుడిగా చూస్తారు? మా ఊరి సంఘానికి ఆ పరీక్ష మా అన్న వల్ల వచ్చింది.

పేరు వెనుక కథ

హాలెండు దేశంలో మెన్నో సైమన్స్ అనే క్యాథలిక్ గురువు 1536లో ఆ పదవి వదిలిపెట్టారు. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరాదు, కత్తి పట్టరాదు అనే వారితో చేరారు. ఆయన పేరు మీదనే వారికి మెన్నోనైట్లని పేరు వచ్చింది. 1860లో దక్షిణ రష్యాలో వారిలోని ఒక శాఖ బ్రదరెన్ అనే పేరుతో వేరుపడింది. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు 1889లో మన దేశానికి వచ్చి, తరువాత నల్లగొండలో పనిచేశారు. 1899లో అమెరికా నుంచి వచ్చినవారు హైదరాబాదులో పని మొదలుపెట్టారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, జడ్చర్ల ప్రాంతాలకు సంఘాలు విస్తరించాయి.

ఈ సంఘాల్లో పుట్టుకతో ఎవరికీ బాప్తిస్మం రాదు. తెలివి వచ్చాక నలుగురి ముందు నిలబడి, తన విశ్వాసం గురించి తన నోటితో సాక్ష్యం చెప్పాలి. అప్పుడే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. ఆ తరువాతే ప్రభువు బల్లలో రొట్టె.

వలస పోతే చూసేదెవరు?

అన్న 1983లో పుట్టాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నడక ఆలస్యంగా వచ్చింది. మాటలు పది, పన్నెండుకు మించి రాలేదు. తరచు మూర్ఛ వచ్చేది. బడిలో చేర్చుకోలేదు. తల్లిదండ్రుల పాపఫలం అన్నవారు ఊళ్లోనూ ఉన్నారు, చర్చిలోనూ ఉన్నారు.

మాది కూలి కుటుంబం. దసరా పోగానే అమ్మానాన్నలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయి వైపు మట్టిపనికి పోయేవారు. మళ్లీ తొలకరికే వచ్చేవారు. మూర్ఛ వచ్చే పిల్లవాణ్ణి పని దగ్గరికి తీసుకుపోవడం కుదరదు. ముసలి నాయనమ్మ ఒక్కతే చూసుకోలేదు. అప్పుడు చర్చిలోని పదకొండు ఇళ్లవారు వంతులు వేసుకున్నారు. పగలు ఒక ఇంట్లో అన్నం, రాత్రి మరో ఇంట్లో. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టరాదని, చేతిలో తాళంచెవులు పెడితే ఒరిగేదేమీ లేదని ఆ ఇళ్లలోని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అన్న కూడా ఊరికే తినలేదు. మా ఆడవాళ్లు వంటకు బియ్యం తీసేటప్పుడు సంఘం కోసం పిడికెడు పక్కన పెడతారు. శనివారం సంచి పట్టుకొని ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం తెచ్చేది అన్నే. ఎవరు ఎంత పోశారో తెలియదు. కాని ఆదివారం చర్చికి ఎవరు రాలేదో మాత్రం తప్పకుండా తెలుసు. ఆరాధన కాగానే పోయి వాళ్ల గడప ముందు నిలబడేవాడు. మనిషి బయటికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి అలాగే ఒక ఒంటరి ముసలమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు. ఎంత పిలిచినా రాలేదు. తలుపు తోసి చూస్తే ఆమె జ్వరంతో తెలివి తప్పి ఉంది. ఆటోలో జడ్చర్ల తీసుకుపోతే బతికింది.

పెద్దల ముందు ప్రశ్న

ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం అన్నను దాటిపోయేది. అన్న చేయి చాచి, మళ్లీ ఒడిలో పెట్టుకునేవాడు. అది చూడలేక 2006లో అమ్మ, 'నా కొడుక్కు బాప్తిస్మం ఇయ్యుండ్రి' అని పెద్దలను అడిగింది.

పెద్దల్లో రెండు మాటలయ్యాయి. సాక్ష్యం చెప్పలేనివానికి ఇస్తే పసిబిడ్డకు ఇచ్చినట్టే గదా, ఆ మాట మీదనే గదా మన పూర్వులు ప్రాణాలిచ్చింది అన్నారు కొందరు. ఏమీ తెలియనివాణ్ణి బాప్తిస్మం లేకున్నా దేవుడు కాదనడు, మనకెందుకు చిక్కు అన్నారు మరికొందరు. ఎవరూ చెడ్డమాట అనలేదు. కాని ఎవరి మాట నెగ్గినా పళ్లెం అన్నను దాటిపోతుంది.

అప్పుడు ఆ ముసలమ్మ లేచింది. 'వాడు చెప్పకుంటే ఏమాయె అయ్యగారూ? వాని సాక్ష్యం నేను చెప్త. నేను రాని దినం నా గడపకాడికి వచ్చినోడు వాడొక్కడే' అన్నది. ఆమె వెనుక ఒక్కొక్కరే లేచి, అన్న తమ ఇంటికి వచ్చి నిలబడిన రోజు గురించి చెప్పారు. చివరికి పాస్టరయ్య అన్నను, 'నీకు ఇష్టమేనా' అని అడిగారు. అన్నకు వచ్చిన పది మాటల్లో 'ఆఁ' ఒకటి. అదే చెప్పాడు.

మూర్ఛ భయం ఉన్నందున చెరువులో ఇద్దరు చెరో పక్క పట్టుకున్నారు. మరుసటి బల్లనాడు అన్న రొట్టె తిని, పళ్లెం పక్కవారికి అందించాడు.

మెన్నోనైట్లకు ఇటువంటి మనుషుల సంగతి కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో తుపాకి పట్టమన్న మెన్నోనైట్లు, ఇతర శాంతివాదులు సుమారు 3,000 మంది మానసిక వైద్యశాలల్లో, బుద్ధిమాంద్యం ఉన్నవారి కేంద్రాల్లో పనిచేశారు. అక్కడి దుస్థితిని లోకానికి చెప్పారు. ఆ అనుభవంతోనే మెన్నోనైట్లు 1949 నుంచి సొంతంగా మానసిక వైద్యశాలలు పెట్టారు. మా ముసలమ్మకు ఆ చరిత్ర తెలియదు. ఆమెకు తెలిసింది తన గడప ముందు నిలబడిన మనిషి.

ఇటువంటి బిడ్డలున్న ఇళ్లకు

2016 నాటి హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బుద్ధిమాంద్యం వాటిలో ఒకటి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. బడివారు కాదంటే ఊరుకోనక్కరలేదు. పరీక్ష చేయించి వైకల్య సర్టిఫికెట్ తీసుకోవాలి. 2014లో తెలంగాణలో 1,500 రూపాయలైన వికలాంగుల పింఛను 2023లో 4,016కు పెరిగింది. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ సంస్థ ఏర్పడింది. అవమానమని బిడ్డను ఇంట్లో దాచితే ఇవేవీ అందవు.

అన్న 2019 వానకాలంలో మూర్ఛలోనే పోయాడు. గుంత తవ్వడానికి చర్చివారితో పాటు ఊరివారూ వచ్చారు. ఆ తరువాత రెండు ఆదివారాలు ఎవరు రాలేదో ఎవరూ చూడలేదు. మూడో ఆదివారం సంఘం ఆ పనిని యువకులకు అప్పగించింది. ఇప్పుడు వారానికి ఇద్దరు వంతు వేసుకొని, రానివారి గడప దగ్గరికి పోతున్నారు.