తలదెబ్బకు మూడు గంటల గడువు

రక్తస్రావము నాపుటకు సుశ్రుతాచార్యుడు నాలుగు ఉపాయములను చెప్పియున్నాడు. వానిలో నొకటి స్కందనము, అనగా రక్తమును గడ్డకట్టించుట. నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగు చెప్పి విరమించినవాడను. ఐనను ఈ విషయమున మన కాలమున జరిగిన పరిశోధన పల్లెలవారందఱును తెలిసికొనదగినదని తోచి చెప్పబూనితిని.

నల్లగొండ, మహబూబునగరము సీమలలో తలదెబ్బలు ముఖ్యముగా రెండు విధముల తగులుచున్నవి. మోకు జారి గీతకార్మికుడు తాటిచెట్టు మీదనుండి పడుట యొకటి. హైదరాబాదునుండి నార్కట్‌పల్లి మీదుగా విజయవాడకును, జడ్చర్ల మీదుగా కర్నూలునకును పోవు రహదారులలో బండ్లు ఢీకొనుట రెండవది. పడినవాడు లేచి కూర్చుండి మాటాడినచో "భయము లేదు, తెల్లవారి చూతము" అనుట మనలో వాడుక. ఈ మాట యెంత ప్రమాదకరమో వివరించెదను.

చెరువుకట్టకు గండి పడినప్పుడు మనవారు కంపలు వేసి, మట్టి పోసి పూడ్చుదురు. దేహమును అట్లే చేయును. రక్తనాళము తెగినచోట సన్నని నారలు అల్లుకొని, రక్తకణములను పట్టి, గడ్డగా నిలుచును. గాయము మానిన పిదప ఆ గడ్డను కరగించుటకు ప్లాస్మిన్ అను పదార్థమును దేహమే పుట్టించుకొనును. పెద్దదెబ్బ తగిలినప్పుడు అది వేళకు ముందే పుట్టి, గండిలోని కంపలను లాగివేయును. కపాలములో నిట్లు జరిగినచో, పైకి చుక్క నెత్తురు కానరాకయే లోపల రక్తము చేరి మెదడును నొక్కును. ఆ రక్తము కొన్ని గంటలవఱకును పెరుగుచుండవచ్చును.

ఆ కంపలను లాగనీయని మందే ట్రానెగ్జామిక్ ఆమ్లము. ప్రసవానంతర రక్తస్రావమున తల్లులు మరణించుట కోర్వలేక, జపానుదేశమున ఒకామోతో ఉతాకో, షోసుకే అను దంపతులు దీనిని కనుగొని 1962లో ప్రకటించిరి. ఐనను ప్రమాదములలో గాయపడినవారికి ఇది పనిచేయునా యను ప్రశ్న చాలకాలము తేలకుండెను.

దానిని తేల్చుటకు లండనులో ఇయాన్ రాబర్ట్స్, హలీమా షకూర్ మొదలగువారు పూనుకొనిరి. సగముమంది రోగులకు మందును, సగముమందికి మందువలెనే కనబడు ఉప్పునీటిని చీట్లు వేసినట్లు పంచి, ఇచ్చువానికిని తెలియకుండ నిచ్చి, ఫలితమును లెక్కించుట వారి పద్ధతి. "రోగితో జూదమా?" అని మనకు తోపవచ్చును. కాని తలదెబ్బకు మేలని వైద్యులు ఏండ్లతరబడి వాడిన స్టెరాయిడు మందును 10,008 మందిలో ఇట్లే పరీక్షింపగా 2004లో తేలినదేమి? రెండు వారములలో, మందు పొందనివారిలో నూటికి 17.9 మంది మరణింపగా, పొందినవారిలో 21.1 మంది మరణించిరి. నమ్మకము ప్రాణములను తీయుచుండెను. లెక్క దానిని బయటపెట్టెను.

పిమ్మట మన దేశముతో సహా 40 దేశములలో 20,211 మంది క్షతగాత్రులపై ట్రానెగ్జామిక్ ఆమ్లమును పరీక్షించి 2010లో ఫలితము ప్రకటించిరి. మరణములు నూటికి 16 నుండి 14.5కు తగ్గెను. మఱుసటియేట ప్రకటించిన విశేషము మఱింత ముఖ్యమైనది. మొదటి మూడు గంటలలో నిచ్చిన మందు రక్తస్రావ మరణములను తగ్గించెను. ఆ గడువు దాటిన పిదప నిచ్చినప్పు డవి పెరిగెను.

2019లో 29 దేశములకు చెందిన 12,737 మంది తలదెబ్బ రోగులపై జరిగిన పరీక్ష ఫలితము వెలువడెను. దెబ్బ మిక్కిలి తీవ్రమై స్పృహ లేనివారికి మేలు కనబడలేదు. కొంత తెలివితో నున్నవారికి మూడు గంటలలో నిచ్చినచో తలదెబ్బ మరణములు నూటికి 7.5 నుండి 5.8కు తగ్గెను.

అనగా మనము "ఏమియు కాలేదు" అని మంచముమీద పరుండబెట్టువానికే ఆ మందు ఎక్కువగా ఉపకరించునన్నమాట. తెల్లవారునప్పటికి గడువు దాటిపోవును.

కావున పడినవానికి వాంతి, మత్తు, తడబాటు, తీవ్రమైన తలనొప్పి వీనిలో ఏది కనబడినను వెంటనే 108కి ఫోను చేయుడు. పైగాయమును శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టుడు, మెడను కదలనీయకుడు. దెబ్బ తగిలిన వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పుడు. మందు ఈయవలెనో వద్దో నిర్ణయించువాడు వైద్యుడే. అంగడిలో కొని మ్రింగింపరాదు. పోలీసుల భయమున వెనుదీయ నక్కఱలేదు. సదుద్దేశముతో తోడ్పడినవానికి 2019 నాటి మోటారు వాహనముల సవరణచట్టము రక్షణ కల్పించినది. వైద్యుని చేతిలో మందున్నను, ఆ మూడు గంటలు మాత్రము మన చేతిలోనే యున్నవి.