కత్తికి ముందు మాత్ర

అన్నం మింగేదాకే మన పెత్తనమర్రా. ఆ తర్వాత పేగుదే రాజ్యం. పేగు గోడలో కొన్ని కణాలు తాళం వేస్తుంటే, ఆ లయకు కండరాలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ తిన్నదాన్ని కిందికి తోస్తాయి. ఆ కణాలకు స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ పేరు పెట్టారు. 1906లో నోబెల్ అందుకున్న మహానుభావుడాయన.

ఈ కణాల వంశంలో ఒకటి అదుపు తప్పితే పుట్టే కణితి పేరు జిస్ట్. సగానికి పైగా జీర్ణాశయంలోనే వస్తాయి. నూటికి ఐదో ఎన్నో మాత్రం పురీషనాళంలో, అంటే పెద్దపేగు ఆఖరి అరడుగులో వస్తాయి. చిక్కంతా అక్కడే. గోడ లోపల పెరుగుతుంది కనుక చాలాకాలం చప్పుడు చెయ్యదు. తర్వాత మలబద్ధకం, రక్తం. రక్తం పడితే మనవాళ్లు మొలలని తేల్చేస్తారు కదా! ఎమ్మారై తీస్తే కణితి దేన్ని ఆనుకుని ఉందో తెలుస్తుంది. ఏ కణితో చెప్పాల్సింది మాత్రం ముక్క పరీక్షే. ఆ ముక్కకు సీడీ117, డాగ్1 అని ప్రత్యేక పరీక్షలున్నాయి.

ఇక కోత సంగతి. కటి ఎముకల నడుమ చోటెంతని? ఇరుకుమూతి జాడీలోంచి మాగిన మామిడిపండును తొక్క చిట్లకుండా తియ్యాలి. చిట్లిందా, కణాలు చెదిరి మళ్లీ మొలకెత్తే ప్రమాదం. పోనీ అని చుట్టూ ధారాళంగా కోస్తే మలాన్ని పట్టి ఉంచే కండరం పోతుంది, జన్మంతా పొట్టకు సంచి. లింఫ్ గ్రంథులకు పాకడం అరుదు కాబట్టి వాటినీ ఊడ్చెయ్యక్కర్లేదు, అదొక్కటే ఊరట.

ఈ ముడి విప్పింది ఓ మాత్ర. 1998లో జపాన్‌లో హిరోతా బృందం ఈ కణితుల్లో కిట్ అనే జన్యువు చెడిపోతోందని కనిపెట్టింది. 2000లో ఫిన్లండ్‌లో జిస్ట్ ఉన్న ఒకావిడకు, రక్తకేన్సర్ కోసం తయారైనా ఈ చెడిన కిట్‌నూ అడ్డుకునే ఇమాటినిబ్ వేసి చూస్తే కణితులు కుంచించుకుపోయాయి. అంతకుముందు మామూలు కీమోకి జిస్ట్ లొంగిందే తక్కువ. ఇప్పుడు పురీషనాళంలో పెద్ద జిస్ట్ ఉంటే ముందు కొన్ని నెలలు ఆ మాత్ర వేసి, కణితి చిక్కాక కోస్తున్నారు. చాలామందికి ఆ కండరం దక్కుతోంది. మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో కూడా ఈ మందు తయారు చేసింది లెండి.

అయితే కొన్ని రకాల జన్యుమార్పుల మీద ఈ మాత్ర పనిచెయ్యదు. అందుకని మీకు తెలిసినవాళ్లెవరికైనా ఈ కణితని తేలితే, ఆపరేషన్ ఎప్పుడని అడగడానికి ముందే జన్యు పరీక్ష చేయించారా అని డాక్టరుగారిని అడగమనండి.