లినక్స్ తొలి దస్త్రవ్యవస్థ: విప్పే పద్ధతి, తిరిగి కూర్చే పద్ధతి

వ్యాససంగ్రహం: లినక్స్ నిర్వహణ వ్యవస్థ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కు ముందుగా అందే చిన్న దస్త్రవ్యవస్థ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. దాని నిర్మాణాన్ని, విప్పి సవరించి తిరిగి కూర్చే క్రమాన్ని, అందులోని పొరపాట్లకు కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: లినక్స్, కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, సీపీఐఓ, మైక్రోకోడ్.

1. ప్రవేశిక

కంప్యూటర్‌ను ఆన్ చేయగానే బూట్‌లోడర్ కెర్నల్‌ను మెమరీలోకి చేరుస్తుంది. ఆపై కెర్నల్ డిస్క్‌లోని అసలు దస్త్రవ్యవస్థను తెరవాలి. అయితే ఆ డిస్క్‌ను చదవగల డ్రైవర్ ఆ డిస్క్‌లోనే ఉంటే, తాళంచెవిని పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం వేసినట్లే అవుతుంది. డిస్క్ సంకేతీకరించి ఉన్నప్పుడు సంకేతపదం అడిగే ప్రోగ్రామ్ కూడా ముందే అందుబాటులో ఉండాలి. ఈ చిక్కును తీర్చేదే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. కెర్నల్‌తో పాటు బూట్‌లోడర్ దీనినీ మెమరీలోకి తెస్తుంది.

2. నిర్మాణం

పూర్వం వాడిన ఇనిట్‌ఆర్‌డీ ఒక డిస్క్ ప్రతిబింబం. దానిని చదవడానికి కూడా కెర్నల్‌లో ఒక దస్త్రవ్యవస్థ డ్రైవర్ సిద్ధంగా ఉండవలసి వచ్చేది. 2.6 కెర్నల్ కాలం నుండి ఉన్న ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఆ అవసరాన్ని తొలగించింది. ఇది కేవలం ఒక సీపీఐఓ మూట. అందులోని ప్రతి దస్త్రానికి ముందు 070701 అంకెలతో మొదలయ్యే 110 అక్షరాల శీర్షిక ఉంటుంది. మూట ముగిసిందని తెలిపే ట్రైలర్ అనే నమోదు చివర ఉంటుంది. కెర్నల్ ఈ మూటను మెమరీలో విప్పి, పైస్థాయిలో ఉన్న ఇనిట్ అనే ప్రోగ్రామ్‌ను మొదటి ప్రక్రియగా నడుపుతుంది. అది డ్రైవర్లను ఎక్కించి, అసలు దస్త్రవ్యవస్థను తెరిచి, అధికారాన్ని దానికి అప్పగిస్తుంది.

3. విప్పడం

నేటి ప్రతిబింబాలలో తరచుగా ఒకటికి మించిన మూటలు వరుసగా ఉంటాయి. మొదటిది కుదించనిది, ప్రాసెసర్ మైక్రోకోడ్ అందులో ఉంటుంది. దాని వెనుక జీజిప్, ఎక్స్‌జడ్, జడ్‌ఎస్‌టీడీ వంటి పద్ధతులలో ఒకదానితో కుదించిన ప్రధాన మూట ఉంటుంది. సీపీఐఓ ఆదేశాన్ని నేరుగా వాడితే అది మొదటి ట్రైలర్ దగ్గరే ఆగిపోతుంది. మైక్రోకోడ్ మాత్రమే బయటపడటంతో ప్రతిబింబం చెడిపోయిందనే భ్రమ కలుగుతుంది. డెబియన్, ఉబుంటులలో అన్‌ఎంకే‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఫెడోరాలో ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ ఈ మూటల వరుసను గుర్తించి విప్పుతాయి. ఈ పనిని రూట్ అధికారంతో చేయాలి. లేకుంటే దస్త్రాల యాజమాన్యం మారిపోతుంది, పరికర దస్త్రాలు ఏర్పడవు.

4. తిరిగి కూర్చడం

కూర్చేటప్పుడు నాలుగు నియమాలు పాటించాలి.

అ) విప్పిన సంచయం లోపలికి వెళ్లి అక్కడి నుండే మూట కట్టాలి. బయటి నుండి కడితే ఇనిట్ ఒక మెట్టు కిందికి పోతుంది, కెర్నల్‌కు కనబడదు.

ఆ) సీపీఐఓకు న్యూసీ రూపాన్ని స్పష్టంగా పేర్కొనాలి. గ్నూ సీపీఐఓ తనంతట తాను ఎంచుకునే పాత రూపాన్ని కెర్నల్ అంగీకరించదు.

ఇ) ఎక్స్‌జడ్‌తో కుదిస్తే సీఆర్‌సీ32 తనిఖీని, ఎల్‌జడ్4తో కుదిస్తే పాత రూపాన్ని ఎంచుకోవాలి. అప్రమేయ అమరికతో కుదించిన మూట సాధారణ పరీక్షలో చక్కగా విచ్చుకున్నా కెర్నల్ దానిని విప్పలేదు.

ఈ) మైక్రోకోడ్ మూటను కుదించకుండా ముందు ఉంచి, ప్రధాన మూటను దాని వెనుక చేర్చాలి. ప్రధాన మూటను విప్పడానికి ముందే కెర్నల్ మైక్రోకోడ్ కోసం వెతకడమే దీనికి కారణం.

వరుసలో ఒకే పేరుగల దస్త్రం రెండుసార్లు వస్తే తరువాతిదే నిలుస్తుంది. కనుక చిన్న సవరణకు మొత్తం విప్పనవసరం లేదు. మార్చిన దస్త్రంతో చిన్న మూటను చివర చేర్చితే చాలు.

5. భద్రత

డిస్క్ మొత్తం సంకేతీకరించినా, బూట్ విభాగం చాలా వ్యవస్థలలో తెరిచే ఉంటుంది. అక్కడి ప్రతిబింబాన్ని మార్చగలవారు సంకేతపదాన్ని దొంగిలించే ప్రోగ్రామ్‌ను అందులో చేర్చగలరు. సెక్యూర్ బూట్ సంతకం సాధారణంగా కెర్నల్‌కే పరిమితం; ఆ కంప్యూటర్‌లోనే తయారైన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కు అది వర్తించదు. కెర్నల్‌ను, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను ఒకే దస్త్రంగా కలిపి సంతకం చేసే ఏకీకృత కెర్నల్ ప్రతిబింబాలు ఈ లోపాన్ని పూరిస్తాయి.

6. ముగింపు

1. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఒక్క మూట కావచ్చు, మూటల వరుస కావచ్చు. ఆ వరుసను గుర్తించడమే విప్పడంలో మొదటి మెట్టు.
2. చేతితో చేసిన సవరణ తదుపరి కెర్నల్ నవీకరణలో నిలవదు. శాశ్వత మార్పులను ప్రతిబింబాన్ని తయారుచేసే సాధనపు అమరికలలోనే చేయాలి.
3. పాత ప్రతిబింబాన్ని వేరే పేరుతో భద్రపరచి, బూట్ పట్టికలో దానికి చోటు కల్పించిన తరువాతే కొత్తదానిని పరీక్షించాలి. కొత్తది విఫలమైతే కంప్యూటర్‌ను తెరవడానికి చేతిలో మిగిలే తాళంచెవి అదే.