బాణం వెళ్ళిపోయాక చెయ్యి ఎటు పోయింది?

ముగ్గు వేసేటప్పుడు గీత చివర మన చెయ్యి ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? చుక్క దగ్గరకి రాగానే ఠక్కున ఆగదు. చుక్క దాటి ఓ అంగుళం గాల్లో ముందుకి పోయి, అప్పుడు లేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు సరిగ్గా చుక్క మీదే ఆపాలని చూస్తారు. దాంతో చుక్కకి ముందే చెయ్యి నెమ్మదించి, అక్కడ పిండి ముద్దగా పడుతుంది. గీత అయిపోయాక చెయ్యి ఎటు పోతే ఏమిటి అనిపిస్తుంది గానీ, ఆ గీత ఎలా వచ్చిందో చెప్పేది ఆ చెయ్యే.

మొన్న వేసవిలో రెండు నెలలు నేను ఇలాంటి చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. మా ఆడపడుచు కూతురు, పదమూడేళ్ళది, గుడివాడ నుంచి సెలవులకి మా ఇంటికొచ్చి విలువిద్యలో చేరింది. పొద్దున్నే ఆరింటికి దాన్ని గ్రౌండులో దింపడం, ఎండెక్కేదాకా మిగతా తల్లులతో చెట్టు కింద కూర్చోవడం నా వంతు. విజయవాడలో విల్లు పట్టిన పిల్లకి ఎవరి పేరు చెబుతారో మీకు తెలుసు. నాలుగేళ్ళ వయసులోనే కృష్ణలో ఈది పేరు తెచ్చుకున్న వెన్నం జ్యోతి సురేఖ, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. బొమ్మదేవర ధీరజ్ కూడా ఈ ఊరివాడే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు.

చెట్టు కింద తల్లులందరి ఫోన్లలోనూ వీళ్ళిద్దరి వీడియోలే. "అక్కని చూడవే, బాణం వదిలాక విల్లు ఎంత కదలకుండా ఉందో! నువ్వేంటి అలా ఊగిపోతావు?" అని ఒకావిడ. "ధీరజ్ అన్న చెయ్యి చూడు, మెడ పక్కనుంచి వెనక్కి ఎలా పోయిందో. నీది ముందే ఉండిపోతోంది" అని ఇంకొకావిడ. పాపం, ఒకే పిల్లకి రెండూ చెప్పేవాళ్ళూ ఉన్నారు. పక్కింటావిడ కొలతలతో మన జాకెట్టు కుట్టించుకుంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

అసలు వాళ్ళిద్దరి విల్లులే వేరు. ధీరజ్ వేసేది రికర్వ్. మూడు వేళ్ళతో తాడు లాగి, ఆ బరువంతా వీపు కండరాల మీద మోస్తూ 70 మీటర్ల దూరాన గురి చూడాలి. అక్కడ పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు, కాఫీ సాసరు కన్నా చిన్నది. వేళ్ళు వదులు కాగానే ఎదురుగా లాగుతున్న తాడు పోతుంది, వీపు మాత్రం ఇంకా వెనక్కి లాగుతూనే ఉంటుంది. అందుకే చెయ్యి దవడని రాసుకుంటూ చెవి కిందుగా వెనక్కి పోతుంది. రెండో చేత్తో విల్లుని గట్టిగా పట్టుకోరు. కింద పడకుండా వేళ్ళకి చిన్న తాడు ముక్క కట్టుకుంటారు. ముందున్న పొడుగాటి కడ్డీ బరువుకి విల్లు తల వంచినట్టు దానంతటదే వాలుతుంది.

సురేఖది కాంపౌండ్. ఆ విల్లు కొసల్లో చక్రాలుంటాయి. తాడు పూర్తిగా లాగేసరికి బరువులో చాలా భాగం ఆ చక్రాలే మోస్తాయి, చేతికి మిగిలేది మూడో వంతో, నాలుగో వంతో. వేళ్ళతో కాకుండా రిలీజ్ అనే చిన్న పరికరంతో తాడు వదులుతారు. లాగి పట్టుకున్న బలం తక్కువ కాబట్టి చెయ్యి కొద్దిగానే వెనక్కి జరుగుతుంది. విల్లుకి ముందూ వెనకా బరువులు సరితూచి బిగిస్తారు కనుక అదీ పెద్దగా వాలదు. 50 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం 8 సెంటీమీటర్లు, మన చేతి గాజు కన్నా కాస్త పెద్దది. హాంగ్‌ఝౌ ఫైనల్లో సురేఖ 150కి 149 కొట్టింది. అంటే పదిహేను బాణాల్లో ఒక్కటే ఆ గాజు దాటిందన్నమాట! 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌కి మొదటిసారి చోటిచ్చారు కాబట్టి ఈ విల్లు పేరు ఇంకా వింటాం.

ఇంకో విచిత్రం వినండి. వేళ్ళు వదిలాక బాణం తాడుని విడిచి పోవడానికి పట్టేది సెకనులో సుమారు యాభయ్యో వంతు. ఆ తరవాత మీరు చెయ్యి మెడ మీద పెట్టుకున్నా నడుం మీద పెట్టుకున్నా బాణానికి తెలియదు. మరి కోచ్‌లు ఆ చేతినే ఎందుకంత పట్టి చూస్తారు? బాణం ఉండగా లోపల జరిగింది కంటికి అందదు కనుక, బయటపడ్డ దాన్నిబట్టి గ్రహిస్తారు. చెయ్యి ముందుకి జారితే వీపు అలిసిపోయినట్టు. పక్కకి ఎగిరితే వేళ్ళు బలవంతంగా విప్పినట్టు. విల్లు పట్టిన చెయ్యి ఠపీమని పడిపోతే, బాణం ఎక్కడ తగిలిందో చూడాలన్న ఆత్రం.

గోల్ఫ్‌లో ఈ గొడవ ఇంకా పెద్దది. మా మరిది అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా టీవీలో గోల్ఫ్ పెడతాడు. ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, అయినా అందరం చూస్తాం. ఒకడు కర్రని మెడ వెనక్కి తిప్పి, వెనక మడమ పైకెత్తి బొమ్మలా నిలబడతాడు. వాడే గుంట దగ్గరికి వచ్చేసరికి సగం ఊపులో ఆపేస్తాడు. దూరం కావాలంటే ఒళ్ళంతా తిరగాలి, ఆ వేగం ఎక్కడో ఒకచోట తీరాలి. దగ్గరికైతే ఆ అవసరమే లేదు. బంతి కర్రకి తగిలి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతేనట! ఆర్నాల్డ్ పామర్ అనే పెద్ద ఆటగాడు, బంతి ఎడమకి తిరిగిపోకుండా మణికట్టుని బిగపట్టేవాడు. దాంతో కర్ర ఆయన తల మీద హెలికాప్టర్ రెక్కలా తిరిగేది. 1960, 70ల్లో నడుముని వెనక్కి విల్లులా వంచి ముగించడం గొప్ప. నడుం నొప్పులు చూశాక నిటారుగా నిలబడి ముగించడం నేర్పుతున్నారు. ఇక మన సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. అతనికి చిన్నప్పటి నుంచీ వెన్నెముక కొంచెం పక్కకి వంగి ఉంది. అతని ఊపు పుస్తకంలో బొమ్మలా ఉండదు. ఆ వెన్నుతో, ఆ ఊపుతోనే 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

ఇంతకీ మా పిల్ల సంగతి. దాని చెయ్యి బాణం వదలగానే ముందుకి జారేది. "ఓపిక లేదు, మనసు పెట్టదు" అని చెట్టు కింద అందరూ తేల్చేశారు. రాత్రిళ్ళు కుడి భుజం పట్టుకుని పడుకునేది. అడిగితే "ఏం లేదత్తా" అనేది. మూడో వారంలో చూద్దును కదా, బాణం వదిలి, ఒక్క క్షణం ఆగి, గబుక్కున చేతిని మెడ వెనక్కి తీసుకెళ్ళి పెట్టుకుంటోంది. వీడియోలో ఉన్నట్టే! బాణాలు మాత్రం ఎక్కడివక్కడే. కోచ్‌ గారు నవ్వలేదు, కోప్పడలేదు. విల్లు చేతిలోకి తీసుకుని "ఇదెవరిదమ్మా?" అన్నారు.

వాళ్ళ అన్నయ్యది. పదిహేడేళ్ళవాడు రెండేళ్ళు వాడి వదిలేసింది. వాడి పుస్తకాలు, వాడి సైకిలు వచ్చినట్టే విల్లూ వచ్చింది. ఆ బరువు లాగడానికి దాని వీపు చాలక భుజం ఎగదోసి లాగుతోంది. వదిలే సమయానికి లోపల లాగేందుకు ఏమీ మిగలట్లేదు. చెయ్యి వెనక్కి ఎలా పోతుంది?

విల్లంతా మార్చక్కర్లేదన్నారాయన. నేర్చుకునేవాళ్ళ రికర్వ్‌లో నడిమి పట్టు అలాగే ఉంచి, పైనా కిందా ఉండే లింబ్‌లు విప్పి తేలికవి బిగించుకోవచ్చు. ఆడపడుచుకి ఫోన్ చేస్తే "అన్నయ్య విల్లు బాగానే ఉందిగా వదినా, మళ్ళీ ఖర్చెందుకు? మహా అయితే ఇంకో ఏడాది ఆడుతుంది" అంది. ఆడపిల్ల విషయంలో ఆ 'మహా అయితే' చాలా త్వరగా నోట్లోకి వస్తుంది. భుజం నొప్పి సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం మా అన్నయ్య గారు, అదే దాని నాన్న, డబ్బు పంపారు.

తేలిక లింబ్‌లతో పది రోజులు దగ్గరి నుంచే వేయించారు. పదకొండో రోజున అనుకుంటా, చెయ్యి చెవి కిందకి పోయింది. దానికి తెలియదు. చెట్టు కింద మేం చూశాం.