మీకు తెలుసా? ఉద్దానం కొబ్బరి పీచు కథ

ఆండీస్ పర్వతాల్లో వికూనా అనే అడవి జంతువును మచ్చిక చేసి, తరతరాలుగా ఏరి పెంచడం వల్ల ఎక్కువ ఉన్ని ఇచ్చే అల్పాకా రూపొందగా, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఉద్దానం తీరాన్ని పచ్చగా కప్పిన కొబ్బరి విషయంలో మనిషి ఎంపిక పీచును పెంచే దిశగా కాక, తగ్గించే దిశగా సాగింది. అలలపై తేలుతూ కొత్త తీరానికి చేరి మొలకెత్తవలసిన అడవి కాయకు మందమైన డొక్క, అంటే టెంకను కప్పి ఉండే పీచు తొడుగు, ప్రాణాధారం; నీరూ కొబ్బరీ ఎక్కువగా కోరుకున్న సాగుదారులు గుండ్రటి కాయలను ఏరి నాటినకొద్దీ ఆ తొడుగు పలచబడింది. 2011లో ప్రచురితమైన ఒక జన్యు పరిశోధన ప్రకారం ఈ సాగు పసిఫిక్ ప్రాంతంలోనూ, హిందూ మహాసముద్ర ప్రాంతంలోనూ వేర్వేరుగా మొదలైంది.

అయినా మిగిలిన పీచు అసామాన్యమైనది. కర్రకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం పత్తిలో దాదాపు లేకపోగా, కొబ్బరి పీచు బరువులో సుమారు 40 శాతం ఉండటం వల్ల అది ఉప్పునీటిలోనూ త్వరగా కుళ్ళదు. కోరమండల్ తీరపు మాసులా పడవల పలకలను మేకులతో బిగించక కొబ్బరి తాళ్లతోనే కుట్టేవారు. అలల దెబ్బకు ఆ కుట్లు సాగి, పలకలు పగలకుండా కాపాడేవి. లేత కాయల డొక్కలను నెలల తరబడి నీటిలో నానబెట్టి కొడితే తాళ్లకు అనువైన తెల్ల పీచు, ముదురు డొక్కల నుంచి బ్రష్షులకూ పరుపులకూ పనికొచ్చే గోధుమరంగు పీచు వస్తాయి.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో ఈ పీచునిచ్చే కొబ్బరి చెట్లను పెద్ద సంఖ్యలో కూల్చివేసింది. పొడవు రకం మొక్క తొలి కాపుకు 6-7 ఏళ్లు పడుతుంది కనుక, చెట్లు కూలడాన్ని ఒక్క పంట నష్టంగా లెక్కించడం రైతుకు అన్యాయం చేయడమే.