ప్రొద్దుటూరు గీటురాయి మీద స్విస్ వాచీ

రెండో బొంబాయి అని పేరుపడ్డ ప్రొద్దుటూరులో బంగారం సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ కూడా జేజినాయన వాచీ డయల్ మీద ‘17 జ్యువెల్స్’ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అవి నిజంగా కెంపులే. కాకపోతే గనిలో కాదు, మంటలో పుట్టినవి. అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు చేసే పద్ధతిని ఫ్రాన్సు శాస్త్రవేత్త వెర్నాయ్ 1902లో వెల్లడించాడు. చక్రాల ఇరుసులు అరగకుండా చూడడమే ఆ కెంపుల పని. విడిగా అమ్మబోతే వాటికి ధర పలకదు.

అసలు విలువ కేసులో ఉండొచ్చు. వెనక మూత తీయించి లోపల భూతద్దంతో వెతకండి. స్విట్జర్లాండు ముద్రల్లో స్త్రీ తల ఉంటే 18 క్యారెట్లు, ఉడుత ఉంటే 14. 1995 నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వేస్తున్నారు. మన నగలు 916 అయితే ఆ 18 క్యారెట్లు 750. ‘20 మైక్రాన్స్’ అని ఉందా? అది పూత, మిల్లీమీటరులో యాభయ్యో వంతు.

చెవి దగ్గర పెట్టుకోండి. పాతది సాధారణంగా సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది, ఇప్పటి మెకానికల్ వాచీల్లో చాలావరకు 8 సార్లు. క్వార్ట్జ్ స్ఫటికం 32,768 సార్లు కంపిస్తుంది, దాని గుండె చప్పుడు మాత్రం మనకు వినపడదు.

పులివెందుల మే ఎండకు వాచీ కూడా అలసిపోతుంది. వేడికి మామూలు ఉక్కు హెయిర్‌స్ప్రింగ్ బిగువు తగ్గి టైము వెనకబడుతుంది. ఆ చిక్కు విప్పిన నికెల్-ఉక్కు లోహాలకే 1920లో షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆయన స్విట్జర్లాండులో వాచీలు చేసేవాళ్ల ఇంట పుట్టినవాడు.

జమ్మలమడుగు వైపు నాపరాళ్ల పొడి ఇంకో శత్రువు. పాత వాచీల్లో చాలావాటి వెనక మూతకు రబ్బరు రింగు ఉండదు. దుమ్ము, చెమట నేరుగా లోపలికే. అందుకే పొలానికీ పాలిష్ ఫ్యాక్టరీకీ కొత్త వాచీ, పెళ్లికి పాతది అంటాను నేను.

బొంబాయి నుంచి వచ్చే పాత వాచీల్లో తళతళలాడే డయళ్లు చాలావరకు మళ్లీ రంగు వేసినవే. నాకైతే మచ్చలు పడ్డ అసలు డయలే ముద్దు.

రేడియం ముళ్లు వెలగడం మానేసినా లోపలి రేడియం పోదు. అది సగమయ్యేందుకే 1,600 ఏళ్లు పడుతుంది. ఇంట్లో మూత విప్పి గీకకండి.

ఇక కీ ఇవ్వడం. వాచీ చేతికి ఉండగానే తిప్పితే బొడిపె పక్కకు లాగినట్టయి లోపలి కడ్డీ వంగిపోవచ్చు. రోజూ పొద్దున, ఒకే వేళకు, చేతికి పెట్టుకోకముందే నిదానంగా తిప్పండి. వేలికి బిగువు తగలగానే ఆపేయండి.