పదిహేనవ స్థానంలో నిలిచిన పాట

పాశ్చాత్య సంగీతమనగానే మన పాఠకులలో చాలామందికి బీటిల్స్ బృందమే స్ఫురిస్తుంది. ఆ బృందం విడిపోయిన తరువాతి సంవత్సరాలలో బ్రిటన్ యువతను ఉర్రూతలూగించిన స్లేడ్ బృందం పేరు మన వైపు అంతగా వినిపించదు. నలుగురు సభ్యుల ఈ బృందం 1975 ఫిబ్రవరిలో ‘హౌ డజ్ ఇట్ ఫీల్’ అనే పాటను విడుదల చేసింది. ‘ఎలా అనిపిస్తోంది’ అని ఆ మాటలకర్థం. వారి పాటలన్నింటిలో ఉత్తమమైనదని నేడు పలువురు భావించే ఈ పాటతోనే వారి పతనం ఆరంభమైనదన్న సంగతి విచిత్రంగా తోచవచ్చు.

ముందుగా గ్లామ్ రాక్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. 1971 మొదలు సుమారు నాలుగేళ్ల పాటు బ్రిటన్‌లో వెలిగిన సంగీత ధోరణి ఇది. తళతళలాడే దుస్తులు, మడమ ఎత్తైన బూట్లు, ముఖాన మెరుపుపొడి, సులువుగా గొంతు కలపగల పల్లవి దీని లక్షణాలు. టీ రెక్స్ బృందపు మార్క్ బోలన్, డేవిడ్ బౌవీ, స్వీట్ బృందం ఈ కోవకు చెందినవారే. అయితే స్లేడ్ సభ్యులలో సౌకుమార్యం కంటే మోటుదనమే ఎక్కువ. గనులకు, కొలుములకు పేరుబడ్డ ఇంగ్లండు మధ్యభాగంలోని వుల్వర్‌హాంప్టన్, వాల్సాల్ పరిసరాలలో పెరిగినవారు వారు. గాయకుడు నాడీ హోల్డర్ కిటికీ అద్దాలు తుడిచే కార్మికుని కుమారుడు. అతడు అద్దపుబిళ్లలు అతికించిన పొడవాటి టోపీ ధరించి వేదికనెక్కేవాడు. జిమ్ లీ బేస్ గిటారు, వయొలిన్, పియానో వాయించేవాడు; డేవ్ హిల్ గిటారు, డాన్ పవెల్ డ్రమ్ములు వాయించేవారు. బాణీలు అధికంగా లీవి, సాహిత్యం హోల్డర్‌ది.

ఉపాధ్యాయ వృత్తిలోనున్న నాకు వారి పాటల శీర్షికలు మరింత ఆసక్తి కలిగిస్తాయి. తమ ప్రాంతపు ఉచ్చారణ ఎలా ఉన్నదో అలాగే ఆంగ్ల పదాలను ఉద్దేశపూర్వకంగా తప్పు వర్ణక్రమంతో ముద్రించేవారు. పిల్లలు చెడిపోతారని అప్పట్లో బ్రిటన్ ఉపాధ్యాయులు కొందరు అభ్యంతరం తెలిపారు. నేనైనా ఎర్రసిరా పట్టేవాడినే. కాని ఇంటి మాటకు, పుస్తకపు మాటకు నడుమ బతికే మన సరిహద్దు జిల్లాల వారికి ఆ చిలిపితనం వెనుకనున్న ఆత్మాభిమానం అర్థం కాకపోదు.

1971 చివర నుంచి 1974 చివర వరకు వారు విడుదల చేసిన పన్నెండు సింగిల్స్ వరుసగా బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి నాలుగు స్థానాలలోనే నిలిచాయి. వానిలో ఆరు ప్రథమ స్థానం పొందాయి. 1973లోనైతే మూడు పాటలు విడుదలైన వారమే నేరుగా ప్రథమ స్థానంలో ప్రవేశించాయి. సింగిల్ అంటే ఏడంగుళాల చిన్న గ్రామఫోన్ రికార్డు. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. ఎంపిక చేసిన దుకాణాలలోని అమ్మకాల లెక్కలను సేకరించి ప్రతి వారం పట్టిక కూర్చేవారు. బీబీసీ రేడియో, టెలివిజన్ ఆ పట్టికను అనుసరించే పాటలు వినిపించేవి. కనుక పట్టికలో జారిన పాట చెవిన పడడం కూడా తగ్గేది. చెవిన పడకపోతే అమ్మకాలు మరింత తగ్గేవి.

ఆ విజయాల నడుమనే ఒక విషాదం సంభవించింది. 1973 జూలైలో డాన్ పవెల్ కారు ప్రమాదానికి గురయ్యాడు. అతనితో ఉన్న ప్రియురాలు మరణించింది. అతడు కోలుకున్నాడు గాని జ్ఞాపకశక్తి, రుచి, వాసన దెబ్బతిన్నాయి. అయినా డ్రమ్ముల వద్దకు తిరిగి వచ్చాడు, సినిమాలోనూ నటించాడు.

ఆ సినిమాయే ‘స్లేడ్ ఇన్ ఫ్లేమ్’. 1974లో చిత్రీకరించి 1975 ఆరంభంలో విడుదల చేశారు. దర్శకుడు రిచర్డ్ లాంక్రేన్. బీటిల్స్ సినిమాల వలె నవ్వులు, ఉరుకులు పరుగులు ఉంటాయని అభిమానులు ఆశించారు. తెరపై వారికి కనిపించినది వేరు. 1960ల చివర ఫ్లేమ్ అనే కల్పిత బృందం పైకి రావడం, వ్యాపారస్తుల చేతులలో సరుకుగా మారడం, చివరకు విచ్ఛిన్నం కావడం కథ. తమ తారలు మురికి వీధులలో, మసక వెలుతురులో ఒకరితో ఒకరు కలహించుకోవడం బాల అభిమానులకు రుచించలేదు. బృందం మేనేజరు చాస్ చాండ్లర్ స్వయంగా యానిమల్స్ బృందంలో బేస్ వాయించినవాడు, జిమీ హెండ్రిక్స్‌కు మేనేజరుగా వ్యవహరించినవాడు. ఆ వ్యాపారపు లోతుపాతులు అతనికి తెలియనివి కావు.

‘హౌ డజ్ ఇట్ ఫీల్’ ఈ చిత్రంలోని పాట. బాణీ మాత్రం సినిమా కోసం కట్టినది కాదు. బృందానికి పేరు రాకమునుపే, ఎన్నో ఏళ్ల క్రితం జిమ్ లీ పియానోపై కట్టుకున్నది. పియానో స్వరాలతో నెమ్మదిగా మొదలవుతుంది. హోల్డర్ తన సహజమైన గావుకేకను అణచుకొని పాడతాడు. తరువాత వేణువు, ఇత్తడి వాద్యాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటూ శిఖరానికి చేరతాయి. నిడివి ఆరు నిమిషాలకు దగ్గర. చప్పట్లకు, కాళ్లతో తాళం వేయడానికి ఇందులో అవకాశమే లేదు. శీర్షికలో వర్ణక్రమ దోషం కూడా లేదు!

ఫలితం పదిహేనవ స్థానం. అనేక బృందాలకు అది పండుగే. స్లేడ్‌కు మాత్రం 1971 తరువాత అంతటి తక్కువ స్థానం అదే ప్రథమం. తప్పు పాటది మాత్రమే కాదని నా అభిప్రాయం. సినిమా పనిలో పడి ఊరూరా కచేరీలు తగ్గాయి. మెరుపు దుస్తుల మోజు తీరిపోతున్నది. ఆ వసంతంలో బే సిటీ రోలర్స్ బృందం పట్టిక శిఖరాన ఆరు వారాలు నిలిచింది. చిన్నపిల్లల కేకలన్నీ అటు తరలిపోయాయి. మరొక కారణం ఇంకా సూక్ష్మమైనది. ఒకే రకం పాటను కోరి కొనేవారికి అదే ఇస్తే విసుగెత్తిపోతారు. వేరొకటి ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. స్లేడ్ రెండవ దారిని ఎంచుకున్నది.

అటుపిమ్మట వారు అమెరికాలో అదృష్టం పరీక్షించుకోబోయారు. అక్కడ విజయం దక్కలేదు. 1976లో తిరిగి వచ్చేసరికి స్వదేశంలో పంక్ సంగీతపు గాలి వీస్తున్నది. 1977లో వారి ‘జిప్సీ రోడ్‌హాగ్’ 48వ స్థానం దాటలేదు. 1980లో రెడింగ్ ఉత్సవంలో ఆజీ ఆస్బోర్న్ రాలేకపోవడంతో చివరి క్షణంలో దక్కిన అవకాశమే వారిని మళ్లీ నిలబెట్టింది.

పాటకు మన్నన ఆలస్యంగా లభించింది. ఒయాసిస్ బృందపు నోయెల్ గ్యాలఘర్ దీనిని ఎంతో మెచ్చుకున్నాడు. సినిమాను విమర్శకులు పునర్మూల్యాంకనం చేశారు. 2025లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దానిని మళ్లీ విడుదల చేసింది. ఆసక్తి గల పాఠకులు మొదట 1973 నాటి ‘కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్’ విని, వెంటనే ఈ పాట వినండి. రెండూ పాడినది ఒకే గొంతు అని నమ్మడానికి కొంత సమయం పడుతుంది.